అప్‌డేట్: పాత మెయిల్స్ కొత్త కంప్యూటర్‌లో తెరుచుకున్నాయి

కొత్త కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ పెట్టుకుని, పాత దాంట్లోంచి ఓపెన్‌పీజీపీ కీ (మెయిల్స్‌కి తాళంలా పనిచేసే ఫైల్) తెచ్చుకున్నా ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే తాళం వేసిన మెయిల్స్ ఒక్కటీ తెరుచుకోవడం లేదని అడిగాను కదా. సమస్య తీరింది. జవాబిచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా థ్యాంక్స్.

పొరపాటు నాదే. నేను తెచ్చింది పబ్లిక్ కీ మాత్రమే. దాంతో ఇతరులు నాకు మెయిల్‌కి తాళం వేసి పంపగలరు, అంతే. ఆ తాళం తీసేది సీక్రెట్ కీ. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడమని ఒకరు చెప్పారు. మొదటి వరుసలో ‘పబ్లిక్ కీ బ్లాక్’ అని కనిపించగానే విషయం అర్థమైంది.

పాత కంప్యూటర్‌ని ఇంకా ఫార్మాట్ చేయకపోవడం నా అదృష్టం. అక్కడి థండర్‌బర్డ్‌లో కీ మేనేజర్‌లోని ఫైల్ మెనూ నుంచి సీక్రెట్ కీ బ్యాకప్ తీసుకున్నాను. అది అడిగిన చోట గట్టి పాస్‌వర్డ్ పెట్టి, ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇంపోర్ట్ చేశాను. మెయిల్‌లో మాత్రం పంపుకోకండి. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆ కీని మళ్లీ ఎంచుకోవాల్సి వచ్చింది.

అయినా 2021 నాటి మెయిల్స్ తెరుచుకోలేదు, మళ్లీ టెన్షన్! అవి గడువు తీరిన పాత కీతో ఎన్‌క్రిప్ట్ అయినవి. గడువు తీరినా పాత మెయిల్స్ చదవాలంటే ఆ సీక్రెట్ కీయే కావాలి. అదీ తెచ్చాక అన్నీ తెరుచుకున్నాయి. దయచేసి పాత కీలను పారేయకండి.

స్నేహితుల పబ్లిక్ కీలు విడిగా తెచ్చుకున్నాను. అవి నిజంగా వాళ్లవేనా అని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఫింగర్‌ప్రింట్ (ఒక్కో కీని గుర్తుపట్టే అంకెలు, అక్షరాల వరుస) సరిచూసుకుంటున్నాను, ఇంకా ఇద్దరు మిగిలారు.