కోరిక తీరకపోయినా రొట్టె ఇవ్వొచ్చా?

నెల్లూరు రొట్టెల పండగకి ఏటా వెళ్లేవాళ్లు కాస్త చెప్పండి. పోయినేడు మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి అమ్మ కోసం ఆరోగ్య రొట్టె పట్టుకున్నాను. ఇచ్చినావిడ ఎవరో కూడా తెలీదు. రొట్టె నా కొంగులో పెట్టి, "తగ్గిపోద్దిలేమ్మా, ఏడవబాక" అని తడిచేత్తో నా చెంప తుడిచింది.

సంక్రాంతికి ముందే అమ్మ పోయింది. అప్పట్నుంచి దీపం పెట్టబుద్ధి కావట్లేదు. రంగనాయకుల గుడికెళ్లినా మనసు నిలవట్లేదు. ఆ చెయ్యి మాత్రం గుర్తొస్తా ఉంది.

కోరిక తీరినవాళ్లే మళ్లీ రొట్టె తెచ్చి ఇస్తారని తెలుసు. నాకు తీరలేదు. అయినా ఈసారి రొట్టె చేసుకెళ్లి, జబ్బుతో ఉన్నవాళ్ల కోసం వచ్చినోళ్లకి ఇవ్వొచ్చా? ఏడాది తిరక్కుండా వద్దంటోంది మా అత్త. మీ ఇళ్లల్లో ఇలా జరిగినప్పుడు ఏం చేశారు?