పీఆర్‌పీ చేయించుకుంటే జుట్టు నిజంగా వస్తుందా? ప్యాకేజీ కట్టమంటున్నారు

నడినెత్తి_బాధితుడు:
నాకు 31 ఏళ్ళు. కొంతకాలంగా నడినెత్తి మీద జుట్టు పలచబడుతోంది, ముందువైపు రెండు పక్కలా కూడా వెనక్కి జరుగుతోంది. మా నాన్నదీ మా మేనమామదీ ఇదే వరస కాబట్టి ఎక్కడికి పోతుందో తెలుస్తూనే ఉంది. ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్తే డాక్టర్ని కలవకముందే కౌన్సెలర్ అని ఒకావిడ కూర్చోబెట్టి, ఫోన్లో ముందు-తర్వాత ఫోటోలు చూపించి, పీఆర్‌పీ (మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మా తీసి సూదితో ఎక్కించడం) ఎనిమిది సిట్టింగుల ప్యాకేజీ తీసుకోమన్నారు, ఇవాళే కడితే తగ్గింపట. "మీ రక్తమే కదా సార్, సైడ్ ఎఫెక్ట్ అన్న మాటే లేదు" అని ఒకటే పాట. మా ఆవిడకి బుగ్గల మీద మొటిమల గుంతలు ఉన్నాయి, ఆమెకీ మొహానికి చేస్తామని, ఇద్దరూ ఒకేరోజు వస్తే ఇంకా తగ్గిస్తామని అన్నారు. ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాను. గుండులా ఉన్నచోట కొత్తగా మొలుస్తుందా? మధ్యలో ఆపేస్తే ఉన్నది కూడా పోతుందా? చేయించుకున్నవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

దువ్వెన:
నేను చేయించుకున్నా బ్రదర్, నాదీ నడినెత్తే. తలంతా స్ప్రే కొట్టి సెంటీమీటరుకొకటి చొప్పున సన్న సూదితో గుచ్చుకుంటూ పోతారు. నడినెత్తి మీద పెద్దగా తెలీదు గానీ నుదుటి అంచుకి వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, అక్కడ చర్మం పలచన కదా. మర్రోజు కాస్త వాపు, బరువు, అంతే. ఫలితం అంటారా, మొదటి మూడు నెలలూ ఏమీ కనపళ్ళేదు. ఆ తర్వాత దిండు మీద రాలేవి తగ్గాయి, పీచులా ఉన్న వెంట్రుకలు కొంచెం లావెక్కాయి. పూర్తిగా నున్నగా అయిన చోట మాత్రం ఒక్కటి రాలేదు. నేను పక్కన మినాక్సిడిల్ అనే జుట్టు మందు కూడా వాడుతున్నా, కాబట్టి ఈ పుణ్యం ఎవరిదో నాకే తెలీదు.

తెల్లకోటు_పీజీ:
డెర్మటాలజీ పీజీ చేస్తున్నాను, కొంచెం పెద్దగానే రాస్తాను.

చేతి నుంచి తీసిన రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందున్న ట్యూబులో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. బరువైన ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి, పైన గడ్డిరంగు ప్లాస్మా తేలుతుంది, రెంటికీ మధ్య పలచటి తెల్లపొర. ప్లేట్‌లెట్లు చిక్కగా ఉండేది ఆ పొర చుట్టుపక్కలే. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో ఒకటిన్నర నుంచి నాలుగున్నర లక్షలుంటాయి, పీఆర్‌పీలో అంతకు మూడు నుంచి ఐదు రెట్లు ఉండాలి. పైపైన తేలిన పచ్చనీళ్ళు మాత్రమే సిరంజిలోకి లాగి గుచ్చేస్తే ఒళ్ళు నొప్పి తప్ప మిగిలేది తక్కువ. ఒక్కో చోట ఒక్కో స్పీడు, ఒక్కో కిట్టు, ఒక్కసారి తిప్పేవాళ్ళు కొందరు, రెండుసార్లు తిప్పేవాళ్ళు కొందరు. అందుకే ఒకరికి పనిచేసి ఇంకొకరికి చేయలేదంటే నాకు ఆశ్చర్యం ఉండదు.

ప్లేట్‌లెట్లు విడుదల చేసే గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాల ఎదుగుదలకి తోడ్పడే ప్రొటీన్లు) కుదుళ్ళని ఎదిగే దశలో ఎక్కువకాలం ఉంచడానికి సాయపడతాయి. అంటే కుదురు సన్నబడి ఇంకా బతికి ఉండాలి. ఎప్పుడో నున్నగా అయిపోయిన చోట పనిచేయదు. ఇక వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో కుదుళ్ళని కుదించేది డీహెచ్‌టీ అనే హార్మోను, పీఆర్‌పీ దాన్ని ముట్టుకోదు. దాన్ని తగ్గించేది ఫినాస్టెరైడ్ అనే మాత్ర. మగవాళ్ళ బట్టతలకి మినాక్సిడిల్‌ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1988లో, ఫినాస్టెరైడ్‌ని 1997లో ఆమోదించింది. జుట్టు కోసం పీఆర్‌పీకి అలాంటి ఆమోదం లేదు. "ఎఫ్‌డీఏ అప్రూవ్డ్" అని గోడ మీద కనిపిస్తే అది కిట్టు గురించి, ఆ కిట్లకి అనుమతి ఉన్నది ఎక్కువగా ఎముక గ్రాఫ్ట్‌లో కలిపే పనికి.

కాబట్టి మీ విషయంలో మందులు ముందు, పీఆర్‌పీ వాటికి తోడు. మామూలుగా నెలకొకటి చొప్పున మూడు చేసి, అదే వెలుతురులో అదే కోణంలో ఫోటోలు తీసి పోల్చి చూస్తాం. తేడా ఉంటే ఆర్నెల్లకో ఏడాదికో ఒకటి కొనసాగిస్తాం. ముందే ఎనిమిదింటికి డబ్బు కట్టించుకోవడంలో వైద్యం ఏమీ లేదు. ఆపేస్తే ఉన్నది కూడా ఒక్కసారిగా ఊడదు, కానీ వంశం లెక్క ప్రకారం పలచబడటం మళ్ళీ మొదలవుతుంది.

చిక్కుజడ:
అసలు ఏ రకం రాలడమో ఎవరైనా చూశారా అండీ? నాకు డెలివరీ అయిన మూడో నెలలో కుచ్చులు కుచ్చులుగా ఊడితే ఒకచోట నాకూ ఇదే ప్యాకేజీ చెప్పారు. వేరే డాక్టరుగారు వెంట్రుకలు పట్టి లాగి చూసి, డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దదిగా చూపే లెన్సు) పెట్టి చూసి, ఇది టెలోజన్ ఎఫ్లూవియమ్, అంటే ఒంటికి కుదుపు తగిలాక కొన్నాళ్ళు జుట్టు ఎక్కువగా రాలడం అమ్మా, దానంతటదే తగ్గుతుంది అన్నారు. ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ పరీక్షలు మాత్రం చేయించారు, ఐరన్ తక్కువుంటే మాత్రలిచ్చారు. తిరిగొచ్చేసింది. అప్పుడు గనక పీఆర్‌పీ చేయించుకుని ఉంటే దానివల్లే వచ్చిందని ఊరంతా చెప్పేదాన్ని, నా ఫోటోలూ ఆ ఫోన్లోకి ఎక్కేవి 😄 పెద్ద జ్వరం వచ్చి తగ్గాకా, గబగబా బరువు తగ్గినా కూడా ఇలాగే రెండు మూడు నెలలకి ఊడుతుందట.

నడినెత్తి_బాధితుడు:
అందరికీ థాంక్సండీ. డాక్టర్‌గారూ, మా ఆవిడ మొహం సంగతి? సొంత రక్తమైతే భయం లేదన్నది నిజమేనా?

తెల్లకోటు_పీజీ:
సొంత రక్తం కాబట్టి ఎలర్జీ రావడం అరుదు, అంతవరకే నిజం. ఆ రక్తం మీ ఒంట్లోంచి బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళేలోపు ఎన్ని చేతులు, ఎన్ని సూదులు తగులుతాయన్నదే అసలు సంగతి. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో "వాంపైర్ ఫేషియల్" చేయించుకున్న ఆడవాళ్ళకి హెచ్ఐవీ సోకిందని వాళ్ళ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2024లో బయటపెట్టింది. ఆ ఫేషియల్ ఇదే, పీఆర్‌పీ ప్లస్ మైక్రోనీడ్లింగ్ (సన్న సూదులతో చర్మం మీద చిన్న చిన్న రంధ్రాలు చేయడం). అక్కడ పేరు రాయని రక్తం ట్యూబులు దొరికాయి, ఒకసారి వాడి పారేయాల్సిన సామాను మళ్ళీ వాడిన ఆనవాళ్ళూ దొరికాయి. అందుకే భార్యాభర్తలిద్దరికీ ఒకేరోజు అన్న ఆఫర్ నాకు నచ్చలేదు. వెళ్తే వేర్వేరు రోజుల్లో వెళ్ళండి. రక్తం తీసిన వెంటనే మీ ఎదురుగానే ట్యూబు మీద పేరు రాయాలి, నీడిల్ కార్ట్రిడ్జ్ సీలు మీ ముందే విప్పాలి.

గుంతలకి మైక్రోనీడ్లింగ్ ఒక్కటీ చేసేకన్నా పీఆర్‌పీ కలిపితే ఫలితం కాస్త మెరుగని చాలా పరిశీలనల్లో ఉంది. ఆ "కాస్త"ని గుర్తుపెట్టుకోండి, మచ్చలు మాయమవ్వవు. వెడల్పుగా లోతు తక్కువున్న గుంతలు బాగా పూడతాయి, సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉన్నవాటికి వేరే పద్ధతులున్నాయి. చీము మొటిమలు ఇంకా వస్తుంటే ముందు అవి తగ్గాలి. కళ్ళ చుట్టూ, కనుబొమల మధ్య పీఆర్‌పీ సూది రక్తనాళంలోకి వెళ్ళి చూపు పోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి, అరుదే గానీ ఆ చోటు నర్సు చేతికి, టెక్నీషియన్ చేతికి వదిలేది కాదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్ళు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు డాక్టరుకి ముందే చెప్పాలి. ఇంకొకటి, మీకు ఫినాస్టెరైడ్ రాస్తే, ఇంట్లో గర్భం ప్లాన్ ఉంటే ఆ మాత్ర విరిగినప్పుడు మీ ఆవిడ ముట్టుకోకూడదు.

దువ్వెన:
బ్రదర్, డేట్ ఫిక్సయితే ముందు వారం తలనొప్పికి ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోకు, ప్లేట్‌లెట్ల పని తగ్గిస్తాయని నాకు ఆపించారు. మరీ నొప్పిగా ఉంటే పారాసిటమాల్ వేసుకోమన్నారు. ఆ రోజు తలస్నానం చేసి వెళ్ళు, మళ్ళీ మర్నాటిదాకా చేయనివ్వరు.

నడినెత్తి_బాధితుడు:
ఇప్పుడే ఆ కౌన్సెలర్‌కి ఫోన్ చేసి, ఎన్నిసార్లు తిప్పుతారు, ప్లేట్‌లెట్లు ఎన్ని రెట్లు వస్తాయి, సూదులు గుచ్చేదెవరు అని అడిగా. "అవన్నీ మీకెందుకు సార్, ఆఫర్ సాయంత్రం వరకే" అన్నారు. ముందు వేరే డాక్టర్ దగ్గర డెర్మోస్కోపీ చేయించుకుంటా, ఏం చెప్పారో వచ్చి రాస్తా.