నేల కింద రేడాన్ పైపు అంటే మేస్త్రి నవ్వుతున్నాడు

చంద్రగిరి దగ్గర ఇల్లు కడతా ఉన్నాం. ప్లింత్ బీములకు కమ్మీ కట్టేశారు, వచ్చే వారం కాంక్రీటు. పునాది తవ్వితే నాలుగడుగులకే రాయి తగిలింది. పెన్సిల్వేనియాలో ఉండే మా బావ వీడియో కాల్‌లో అది చూసి, "గ్రానైటు నేల, రేడాన్ వస్తాది, ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చే రేడియోధార్మిక గాలి అది, పైపు వేయించు" అని పట్టుకున్నాడు. మా మేస్త్రేమో "సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం ఇంటి నడిమధ్యలో ఎందుకు సార్?" అంటాడు. గరుసు పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, మీద కాంక్రీటు బెడ్డు వేయడమే ఆయన లెక్క. నిజంగా అవసరమా? అయితే ఎట్లా వేయాలి?

చిత్తూరు సివిల్:
రాయిని చూసి చెప్పలేమన్నా, ఇల్లయ్యాక కొలిస్తేనే తెలిసేది. గ్రానైటులో కొంచెం యురేనియం ఉంటుంది, అది మారి మారి రేడియం, దాన్నుంచి రేడాన్. రంగూ వాసనా ఉండవు. కిటికీలు తెరిచిన ఇంట్లో నిలవదు. రాత్రంతా ఏసీ పెట్టి బిగించే పడకగదుల దగ్గరే ఆలోచించాలి. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే హద్దు ఘనపు మీటరు గాలికి 100 బెక్వెరెల్ (రేడియోధార్మికతను కొలిచే లెక్క), కుదరకపోతే 300 దాటకూడదు. బెడ్డు పగలగొట్టి వేయడం కంటే ఇప్పుడే వేసుకోవడం చవక.

మీకు టైము లేనిది బీముల దగ్గరే. బీముల మధ్య ఒక్కో గదీ ఒక్కో తొట్టి, కింద గాలి ఇటుది అటు పోదు. కాంక్రీటుకు ముందే ప్రతి లోపలి బీములో, ఎత్తుకు నడుమ, 3 అంగుళాల పైపు ముక్క పెట్టించండి. కమ్మీ కోయనీయొద్దు, పిల్లర్ దగ్గర వద్దు, మీ ఇంజినీరుకు చూపించండి. రెండు మూతులకూ గోనెపట్ట కుక్కకపోతే సిమెంటు పాలు దిగి మూసుకుపోతాయి.

గరుసు ఆ ముక్కల కిందికే ఆపి, పైన డస్టు లేని 20 ఎంఎం కంకర, కనీసం 4 అంగుళాల మందం. హాల్లో చిల్లుల పైపు, దానికి టీ జాయింటు, అక్కణ్ణుంచి 4 అంగుళాల పీవీసీ నిలువుగా మిద్దె పైకి. కంకర మీద పాలిథీన్ షీటు, అతుకు దగ్గర అడుగు మేర ఒకదానిమీదొకటి. ఆ పైనే బెడ్డు.

బేల్దారి కొడుకు:
చెదల మందు షీటు పరచకముందే కొట్టించండి సార్. పైపు మీద పెయింటుతో పెద్దగా "రేడాన్" అని రాయించండి. మా సైటులో ఉత్త పైపు కనిపించిందని ప్లంబరు వాష్‌బేసిన్ నీళ్లు అందులోకి కలిపేశాడు!

అడిగినాయన:
ఫ్యాను కూడా పెట్టాలంటాడు బావ?

చిత్తూరు సివిల్:
ఇప్పుడే వద్దు. చలి దేశంలో ఇంట్లోని వేడికి పైపులో గాలి దానంతటదే పైకి లాగుతుంది. మన ఎండకు, లోపల ఏసీకి ఆ లాగుడు అంతగా ఉండదు. మిద్దె మీద ఒక ప్లగ్గు పాయింటు వదలండి, కొలిచాక ఎక్కువొస్తే అక్కడే బిగించొచ్చు. ఇంటి లోపల మాత్రం పెట్టొద్దు, పైపు కారితే గాలి గదిలోకే.

అడిగినాయన:
మేస్త్రి ఇందాకే లెక్కేశాడు, ఏడు ముక్కలు కావాలంట. గోనెపట్ట ఆయన దగ్గరే ఉందంట.