గాలివానలో ట్రక్కు, వెనక కారు: డల్లాస్ నుంచి షికాగోకి

అందరికీ నమస్కారం. మేం అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది. షికాగోలో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. శుక్రవారం రాత్రి సామాను అద్దె ట్రక్కులో వేసుకుని, వెనక ట్రైలర్ మీద కారు ఎక్కించుకుని డల్లాస్ నుంచి బయల్దేరదామనుకుంటున్నాం. దారంతా ఉరుములు, వానలు అని చూపిస్తోంది. నేనూ మా ఆవిడా ఇద్దరమే. మెల్లగా వెళ్తే ఇబ్బంది ఉండదు కదా?

*

మెల్లగా వెళ్ళినా ఇబ్బందేనండి. ఎక్కడెక్కడ ఆగొచ్చో బయల్దేరకముందే రాసిపెట్టుకోండి. మూడేళ్ళ క్రితం మే నెలలో మేమూ ఇదే దారిలో, ఇలాగే కారు లాక్కుంటూ వెళ్ళాం.

ఓక్లహోమాలో మెకాలెస్టర్ ఊరు దాటేదాకా బాగానే ఉంది. బిగ్ క్యాబిన్ దగ్గర ఐ-44 హైవే ఎక్కగానే పక్క నుంచి గాలి కొట్టడం మొదలైంది. అద్దంలో చూస్తే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతోంది. మా వారు కంగారులో బ్రేక్ నొక్కారు. ఊపు ఇంకా పెరిగింది. నా చేయి డోర్ హ్యాండిల్‌ని ఎంత గట్టిగా పట్టుకుందో, తర్వాత వేళ్ళు విప్పడానికి కాసేపు పట్టింది. అలా ఊగినప్పుడు బ్రేక్ వేయకూడదు, స్టీరింగ్ తిప్పి సరిచేయబోకూడదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి స్టీరింగ్‌ని తిన్నగా పట్టుకోండి. స్పీడు తగ్గేకొద్దీ ట్రైలర్ సర్దుకుంటుంది. ఇద్దరూ ఈ మాట ఇప్పుడే బట్టీ పట్టండి.

అప్పుడే రెండు ఫోన్లూ ఒక్కసారి మోగాయి: ఈ ప్రాంతంలో టోర్నడో వార్నింగ్. రేడియో పెడితే కౌంటీల (మన జిల్లాల్లాంటివి) పేర్లు చదువుతున్నారు. మేయెస్, క్రెయిగ్, ఒట్టావా అని. ఊరు తెలుసు, ఎగ్జిట్ నంబరు తెలుసు, మేం ఉన్నది ఏ కౌంటీయో మాత్రం తెలియదు. ఆ రెండు నిమిషాల టెన్షన్ మీకు వద్దు.

కొద్ది మైళ్ళలోనే, వినీటా దగ్గర, రోడ్డుకు అడ్డంగా వంతెనలా కట్టిన సర్వీస్ ప్లాజా భవనం (ప్రయాణికులు ఆగే చోటు) వచ్చింది. ట్రక్కు పార్కింగ్‌లో వదిలేసి లోపలికి పరిగెత్తాం. అక్కడ పనిచేసే పెద్దావిడ ఎటు వెళ్తున్నారని అడిగి, తన ఫోన్‌లో రాడార్ చూపించింది. వాన కూడా మీరు వెళ్ళే వైపే పోతోంది, దాన్ని ముందు వెళ్ళనివ్వండి అంది.

నాకు ఆ దారి గురించి తెలిసిన అన్నిటికన్నా విలువైన మాట అది. వసంతంలో అక్కడి గాలివానలు ఎక్కువగా నైరుతి నుంచి ఈశాన్యానికి కదులుతాయి. ఐ-44 కూడా ఓక్లహోమా సిటీ నుంచి సెయింట్ లూయిస్ దాకా దాదాపు అదే దిక్కున పోతుంది. ఆగకుండా నడిపితే గంటల తరబడి ఆ వాన కిందే ఉండిపోవచ్చు. మేం రెండు గంటలు కూర్చున్నాం. వెనక ఇంకో వాన రావట్లేదని రాడార్‌లో చూసుకుని లేచాం. మిస్సోరీలోకి వెళ్ళేసరికి రోడ్డు తడిగా ఉంది, ఆకాశంలో చుక్కలు కనిపిస్తున్నాయి.

రేడియోలో కౌంటీల పేర్లే చదువుతారు కాబట్టి ఒక కాగితం మీద అవి వరసగా రాసుకోండి. ఓక్లహోమాలో బ్రయాన్, అటోకా, పిట్స్‌బర్గ్, మెకింటాష్, మస్కోగీ, వాగనర్, మేయెస్, క్రెయిగ్, ఒట్టావా. ఒక్కోదాని పక్కన పెద్ద ట్రక్ స్టాప్ ఉన్న ఎగ్జిట్ రాయండి. చిన్న గ్యాస్ స్టేషన్‌లోకి ట్రైలర్‌తో దూరితే తిప్పుకోవడం చాలా కష్టం. కాగితం మీ ఆవిడ చేతిలో ఉండాలి, నడిపేవాళ్ళు ఫోన్ ముట్టుకోకూడదు. వాచ్ అంటే టోర్నడో వచ్చే పరిస్థితులున్నాయని. వార్నింగ్ అంటే కంటితోనో రాడార్‌లోనో కనిపించిందని, వెంటనే గట్టి భవనంలోకి వెళ్ళాలని. అందరూ ఆగారు కదా అని బ్రిడ్జి కింద మాత్రం ఆగకండి. అక్కడ గాలి ఇంకా జోరందుకుంటుంది. 1999 మే 3న ఓక్లహోమాలో అలా బ్రిడ్జిల కింద తలదాచుకున్నవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే వాటిలోకి బండి దింపొద్దు, అడుగు లోతు ప్రవాహం చిన్న కారును కొట్టుకుపోతుంది.

ఇక సోమవారం సంగతి. దారి సుమారు 930 మైళ్ళు. అద్దె ట్రైలర్ మీద గంటకు 55 మైళ్ళు దాటొద్దని రాసి ఉంటుంది. ఎక్కడా ఆగకపోయినా 17 గంటలు పడుతుంది. ఆఫీసుకు ఈరోజే మెయిల్ పెట్టి ఒక రోజు అడగండి, ట్రక్కు కూడా ఒక రోజు ఎక్కువకి తీసుకోండి. రాత్రి బయల్దేరకండి, చీకట్లో మబ్బు ఎటు నుంచి వస్తోందో కనిపించదు.

*

అక్క చెప్పినదానికి నాదొక మాట. ట్రైలర్ బదులు ముందు చక్రాలు మాత్రమే ఎక్కే డాలీ ఇస్తామంటే, మీది ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి అందే) కారైతే వద్దనండి, గేర్‌బాక్స్ పాడవుతుంది. డాలీతో రివర్స్ కూడా చేయకూడదు. ట్రైలర్ మీద కారు ముఖం ట్రక్కు వైపే ఉండాలి. ట్రైలర్ వెనక భాగంలో బరువు ఎక్కువైతే ఊగడం ఖాయం. సేఫ్టీ చైన్లు రెండూ హిచ్ (ట్రక్కుకి ట్రైలర్ తగిలించే చోటు) కింద ఒకదానిమీదొకటి అడ్డంగా వేయించండి. కారు టైర్లను బిగించే పట్టీలు మొదటి ఐదు మైళ్ళకే దిగి చూడండి, తర్వాత ఆగిన ప్రతిచోటా చూడండి. నాకు వానలో పట్టీలు మూడు క్లిక్కులంత (బిగించే మరలో మూడు పళ్ళంత) వదులయ్యాయి, చేత్తో లాగితే గానీ తెలియలేదు.