పాత ప్రొజెక్షన్ టీవీలో నీలి బొమ్మ పక్కకు జరుగుతోంది: సలహా కావాలి

మా ఇంట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు విడివిడిగా మూడు ట్యూబులున్న 43 అంగుళాల పాత ప్రొజెక్షన్ టీవీ ఉంది. పెట్టిన పది నిమిషాల వరకు బొమ్మ బాగానే ఉంటుంది కానీ, సెట్ వేడెక్కేసరికి నీలి బొమ్మ మాత్రం పైభాగంలో విల్లులా వంగి, వార్తల్లో కింద పరుగెత్తే ప్రతి తెల్ల అక్షరానికీ ఒక నీలి నీడ అంటుకుంటోంది. మెనూలోని కన్వర్జెన్స్ (మూడు రంగుల బొమ్మలను ఒకదానిపై ఒకటి కుదిర్చే అమరిక) గళ్లను తెరిస్తే ఆకుపచ్చ, ఎరుపు గీతలు ఒకదానిపై ఒకటి సరిగ్గానే ఉన్నాయి. నీలి గీతను చివరిదాకా జరిపినా అందుకోవడం లేదు.

వెనుక మూత తీసి చూడగా, కన్వర్జెన్స్ కాయిళ్లను నడిపే, హీట్‌సింక్‌కు బిగించిన రెండు ఎస్‌టీకే 392-110 ఐసీలలో ఒకదాని పక్కన ఉన్న రెసిస్టరు, రంగు పట్టీలు చదవడానికి వీల్లేనంతగా మాడిపోయి కనిపించింది. ట్యూబులను చల్లబరిచే ద్రవం (కూలెంట్) కారిన జాడ లేదు. ట్యూబుకు హై వోల్టేజీ అందే యానోడ్ దగ్గర దాదాపు 30 వేల వోల్టులుంటాయని తెలుసు కనుక అంతకు మించి చేయి పెట్టలేదు.

ఐసీ పోయిందా, లేక నీలి ట్యూబు మీది కన్వర్జెన్స్ కాయిలే తెగిందా అన్నది మల్టీమీటరుతో తేల్చుకునే పద్ధతి ఏమిటి? ఒకటే చెడినా రెండు ఐసీలనూ కలిపి మార్చడమే మేలా? హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరికే కోఠి గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు అసలు ఐసీని గుర్తుపట్టే ఆనవాళ్లు, మాడిన రెసిస్టరు విలువ తెలుసుకునే మార్గం కూడా అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు. స్థానిక మెకానిక్ ఒకరు చూడకుండానే పారేయమన్నారు, నాకు మనసొప్పలేదు.