కాగితం అచ్చుల ప్యాచ్‌వర్క్: మూలల్లో సందులు

ప్రశ్న: బ్రిటన్‌లో బొంతలు కుట్టేవాళ్ల సంఘమైన క్విల్టర్స్ గిల్డ్ దగ్గరున్న 1718 నాటి పట్టు దుప్పటి పద్ధతిలో, గుడ్డముక్కల్ని కాగితం అచ్చుల మీద మడిచి షడ్భుజాలు కలుపుతున్నానండీ. మూడు ముక్కలు కలిసేచోట సందు వస్తోంది. కారణం?

జవాబు 1: అచ్చులు సరిగ్గా లేకే. కత్తిరించిన కాగితంతో ఇంకోటి గీస్తే ప్రతిసారీ పెన్సిల్ గీత మందం పెరుగుతుంది. నమూనాగా ఒక అట్టముక్క కత్తిరించి, దాంతోనే అన్నీ గీయండి, గీత లోపలి అంచున కత్తిరించండి. గుడ్డ చుట్టూ 6 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కచ్చాకుట్టు వేయండి.

జవాబు 2: కుట్టు మూల దాకా వెళ్తోందా? అక్కడ రెండుసార్లు వేయాలి. సూదికి మడత అంచు పోగులే అందాలి, కాగితం కాదు. చుట్టూ ఆరు ముక్కలూ చేరాకే కాగితం తీయండి. తొందరపడితే అంచు సాగుతుంది. అన్నట్టు, ఆ 1718 దుప్పటిలో కాగితాలు ఇంకా ఉన్నాయి!

జవాబు 3: పట్టుకైతే సన్న సూదే. లావు సూది చిల్లులు పూడవు.