అంబ్రెల్లా ఫ్రాక్‌కి జార్జెట్ ఎంచుకుని తప్పు చేశానా?

సూదీదారం:
నాలుగు గంటలుగా ఇదే పని. కింది గేర కత్తిరించేశాను, పై బాడీ ఇంకా ముట్టుకోలేదు. పక్క కుట్టు వేస్తుంటే బట్ట ముడుచుకుపోతోంది. మూడుసార్లు విప్పాను, సూది పోట్లు చుక్కల్లా కనిపిస్తున్నాయి. మెషీన్ మీద దారం టెన్షన్ (బిగువు) తగ్గించినా అంతే. ఇది పక్కన పెట్టి మొత్తం కాటన్‌తోనే కుట్టేయమంటారా? లైనింగ్‌కి కాటన్ ఉంది. ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

కత్తెరపదును:
సూది నంబరెంత?

సూదీదారం:
మెషీన్‌కి ముందు నుంచీ ఉన్నదేనండి.

కత్తెరపదును:
తీసి చూడండి, పిడి మీద ఉంటుంది. 14 గానీ 16 గానీ అయితే పల్చటి బట్టకి పనికిరాదు. కొత్తది, 9 లేదా 11 వేయండి. కుట్టు పొడవు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు.

పోగుపరీక్ష:
సూది సంగతి తర్వాత. ముందు అది ఏ పోగో తేల్చాలి. జార్జెట్ అన్నది నేత పేరు, పోగు పేరు కాదు. బాగా పురి పెట్టిన దారాలతో నేస్తారు కాబట్టే చేతికి కాస్త గరుకు తగులుతుంది. పట్టుతోనూ, విస్కోస్‌తోనూ, పాలిస్టర్‌తోనూ వస్తుంది. నాలుగు పోగులు లాగి పళ్లెంలో కాల్చి చూడండి. కరిగి గట్టి పూసలా అయితే పాలిస్టర్. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగితే పట్టు. కాగితంలా మండి మెత్తటి బూడిద మిగిలితే విస్కోస్. విస్కోస్ అయితే తడిపాక కుంచించుకుపోతుంది, కత్తిరించే ముందే తడపాల్సింది.

సూదీదారం:
పూసలాగే అయింది. చెప్పడం మర్చిపోయాను, ఒక వైపు బాగా మెరుస్తుంది, రెండో వైపు మెరుపు లేదు.

కత్తెరపదును:
అది సాటిన్.

పోగుపరీక్ష:
సాటిన్ జార్జెట్ అని కూడా అమ్ముతారు. సాటిన్ కూడా నేతే.

కత్తెరపదును:
కుట్టేవాళ్లకి సాటిన్ అంటే సాటినే. విప్పితే పోటు మిగిలిపోతుంది, అదొక్కటే ముఖ్యం.

అంచుమడత:
పేర్ల గొడవ తర్వాత చూసుకోవచ్చు. సూదీదారం గారూ, గేర మార్చకండి. కాటన్ గేర బిర్రుగా నిలబడుతుంది, అంబ్రెల్లాకి కావాల్సిన జారుడు రాదు. పాత పోట్లు కుట్టు బయట మార్జిన్‌లోకి పోయేలా, కొత్త కుట్టు 3 మిల్లీమీటర్లు లోపలికి వేయండి. నడుము ఆ మేరకు తగ్గుతుంది, బాడీ కత్తిరించేటప్పుడు ఆ కొలతే తీసుకోండి. గుండుసూదులు మార్జిన్‌లోనే గుచ్చాలి. బట్ట కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. సూది కింద ఉండే జిగ్‌జాగ్ ప్లేటుకి రంధ్రం వెడల్పు, పల్చటి బట్టను సూది అందులోకి లాగేసుకుంటుంది. మామూలు కుట్టు ప్లేటు ఉంటే అది బిగించండి. బాబిన్ (కింది దారం కండె) వేగంగా చుట్టినా పాలిస్టర్ దారం సాగుతుంది. కుట్టాక అది మళ్లీ ముడుచుకుని బట్టనీ లాగుతుంది. నెమ్మదిగా మళ్లీ చుట్టండి.

అసలు భయం లైనింగ్‌తోనే. కాటన్ ఉతికాక కుంచించుకుపోతుంది, పాలిస్టర్ అలాగే ఉంటుంది. అప్పుడు పక్క కుట్లన్నీ పైకి లాక్కుపోతాయి. లైనింగ్ ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. పొడవు పై బట్ట కంటే 2 సెంటీమీటర్లు తక్కువ ఉంచండి. ఇంకోటి, కింది అంచు ఇప్పుడే మడవద్దు. గేరలో క్రాస్ (నేతకు ఏటవాలుగా) పడిన చోట్ల బట్ట బరువుకి సాగుతుంది. నడుము కుట్టాక ఒక రోజంతా హ్యాంగర్‌కి వేలాడదీసి, నేల నుంచి కొలిచి అంచు సమం చేయండి.

పోగుపరీక్ష:
మెరుపున్న బట్టకి ముక్కలన్నీ ఒకే దిశలో కత్తిరించారా? లేకపోతే వెలుగులో రెండు రంగుల్లా కనిపిస్తాయి.

సూదీదారం:
దిశ చూసుకోలేదండి. రెండు ముక్కలు పక్కపక్కన పెడితే ఒకటి కొంచెం ముదురుగా ఉంది. 11 నంబరు సూది వేశాను, ముడత చాలా తగ్గింది. లైనింగ్ తడిపాను. థాంక్సండి.

కత్తెరపదును:
దారం ఏ రకం?

పోగుపరీక్ష:
ముదురుగా ఉన్న ముక్క వెనక్కి వెళ్లేలా అమర్చుకోండి. ఇస్త్రీ తక్కువ వేడి మీద, మధ్యలో పల్చటి గుడ్డ వేసి. సాటిన్ నేతే అన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.